సలోమి చెప్పిన హిందీ

నేలపూడి సలోమి నాతో మొట్టమొదట అన్న మాట "లెగండి".

అది 1985. పంతులమ్మగా పదవీ విరమణ చేసి కొత్తపేటలో స్థిరపడిన కొత్తలో, సైకిలు షాపు సత్తియ్యగారి అరుగు మీద టీవీ చూడడానికి వెళ్ళి, ఖాళీగా కనిపించిన పీట మీద కూర్చున్నాను. తెల్లచీర కట్టిన ఒక బక్కపలచని మనిషి వచ్చి నా ఎదుట నిలబడింది.

"లెగండి టీచరుగారూ. అది చెప్పేవోళ్ళ పీటండి. చూసేవోళ్ళకి చాపుంది."

"‘లేవండి’ అనాలి" అని సవరించాను.

"లేచేక అనుకుందారండి" అన్నది సలోమి. లేచాను.

చెప్పేవాళ్ళు ఎందుకో కాసేపటికి తెలిసింది. మా వీధికంతకూ ఉన్నది ఆ ఒక్క టీవీ. దానిలో ఢిల్లీ తప్ప మరేదీ అందేది కాదు. నాటికలు, హాస్యాలు, ఏడుపులు సమస్తమూ హిందీలోనే. అరుగు మీద చేరే జనానికి ఆ భాష రాదు. సలోమికీ రాదు. ఆ చిన్న లోపాన్ని ఆమె ఎన్నడూ లెక్కచేయలేదు. బొమ్మ నోరు మూసేలోగా తెలుగు సిద్ధంగా ఉండేది.

ఈ విద్య ఆమెకు మిషను ఆసుపత్రిలో అబ్బింది. అక్కడ ఆయాగా పనిచేసిన రోజుల్లో, డాక్టరు దొరసాని పావుగంటసేపు ఇంగ్లీషులో చెప్పినదాన్ని "పులుపు తినకు, శుక్రవారం మళ్ళీ రా" అని రోగికి అందించేదట. రోగులు బాగుపడేవారట. అటువంటి మనిషిని హిందీ ఏమి భయపెడుతుంది?

చెప్పడంతో ఆగేది కాదు, తీర్పు కూడా ఇచ్చేది. హాస్య నాటికలో ఎవరో కనిపించని జనం పకపక నవ్వుతుంటే, "లోపల నవ్వేదెవరండీ? కూర వండినావిడే లొట్టలేసుకుంటే ఇంక మనం తినడం దేనికి?" అనేది. కథానాయిక కన్నీరు కారుస్తుంటే, "కాటుక చెదరలేదు, ముక్కు చీదలేదు. ముక్కు చీదని ఏడుపు ఏడుపేనటండీ?" అనేది. ఒకనాడు బొమ్మ ఆగిపోయి, తెర మీద హిందీ అక్షరాలు నిలిచాయి. నేను హిందీ పరీక్షలు కొన్ని ప్యాసయినదాన్ని గనుక నావైపు తిరిగింది.

"ఏవని రాసేరండి?"

"అంతరాయానికి చింతిస్తున్నామని."

"ఆయ్. ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పేరు."

ఆమెకు నచ్చని సంభాషణ నాటికలో వస్తే సలోమి దానిని దిద్దేది. మామగారు కోప్పడితే కోడలు తలవంచుకుని "తప్పయిపోయింది" అన్నదని నాకు తెలుసు. సలోమి మాత్రం, "‘మీ పప్పులో ఉప్పు మీరే వేసుకోండి’ అంటందండి" అని ప్రకటించింది. నేను సవరించలేదు. వాక్యంలో కర్తా క్రియా సక్రమంగానే ఉన్నాయి.

ఇంతలో మా ఊరి హైస్కూలుకు మాణిక్యాలరావు అనే హిందీ పండితులు బదిలీ మీద వచ్చారు. ఆ వారమే అరుగు ఎక్కారు. పది నిమిషాలు విన్నారు.

"ఏమమ్మా, నీకు హిందీలో అక్షరం ముక్క రాదు కదా?"

"మీరు నిన్నగాక మొన్న వచ్చేరండి. నేను మొదటి నుంచీ చూస్తన్నాను" అన్నది సలోమి. కానీ గొంతు తగ్గింది.

సత్తియ్యగారు ఎవరినీ నొప్పించలేని మనిషి. "రేపు ఇద్దరూ చెప్పండి. టీచరుగారికి రెండు భాషలూ వచ్చు. ఎవరిది రైటంటే ఆళ్ళదే పీట" అని తేల్చి, తీర్పు నా నెత్తిన పెట్టారు.

మర్నాడు పొద్దున్నే సలోమి మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అబద్ధం ఆడమని అడగడానికి రాలేదండి. అడిగినా మీరాడరు. ఆసుపత్రి మానేసేక నా మాట కోసం ఆగే మనిషి లేడండి. ఆ గంటసేపే నన్ను సలోమమ్మగారంటారు. అది పోతే సాయంత్రాలు గోడకి చెప్పుకోవాలి. తెలిసి ఉంటే మంచిదని."

ఆనాటి నాటికలో భార్య భర్త పాదాల మీద పడి ఏడ్చింది. పండితులవారు లేచి, ఉత్తరీయం సర్దుకుని అనువదించారు: "‘స్వామీ, మీరు లేక ఈ గృహమందు నా హృదయము అంటుకొనుట లేదు. నాచేత జీవింపబడుట లేదు. నన్ను క్షమించబడవలెను.’"

చాప మీద నుంచి సలోమి పొరుగింటి దానమ్మ అడిగింది. "అంటుకోవడం లేదా? పొయ్యిలో మట్టలు తడిసేయేమోనండి."

సలోమి వంతు వచ్చింది. "‘నీకో దండం, నీ కొంపకో దండం. అన్నం గిన్నెలో ఉంది, వడ్డించుకు తిను. నేను పోతన్నాను’ అంటందండి."

తెర మీద ఆ అమ్మాయి లేచి వంటింట్లోకి నడిచింది.

"సామాను సర్దుకోడానికండి" అన్నది సలోమి.

అందరూ నావైపు చూశారు. "అర్థం పండితులవారు చెప్పినదే సరైనది. ఆ అమ్మాయి క్షమాపణ అడిగింది. ఎక్కడికీ పోవడం లేదు" అన్నాను. సలోమి మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేవబోయింది. నా మాట ఇంకా పూర్తి కాలేదు.

"అయితే ‘జీవించు’ అకర్మక క్రియ. దానికి కర్మణి ప్రయోగం లేదు. ‘నన్ను క్షమించబడవలెను’ అన్నది ఏ భాషో పండితులవారే సెలవివ్వాలి. తెలుగు మాత్రం కాదు. సలోమి వాక్యాలలో నాకు తప్పు దొరకలేదు."

దానమ్మ తేల్చింది. "అయితే తప్పు ఆ పెట్టెలో పిల్లదేనన్నమాట. అలాంటి మొగుడికి సలోమక్క చెప్పినట్టు చెప్పాలి గానీ, కాళ్ళ మీద పడతాదా?"

"ఆయ్" అన్నారు సత్తియ్యగారు. పీట కదలలేదు.

పండితులవారు మర్నాడు కూడా వచ్చారు. చాప చివర కూర్చుని, సలోమి చెబుతుంటే ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలించారు. దగ్గు అన్నారు.

మూడేళ్ళు గడిచేసరికి వీధిలో టీవీలు పెరిగి, అరుగు మీద జనం పలచబడ్డారు. సలోమికి చూపు మందగించి, చివరికి పూర్తిగా పోయింది. అయినా దానమ్మ చెయ్యి పట్టుకుని వచ్చి పీట మీద కూర్చునేది. ఒకనాడు పాలవాడి మాటలను మామగారి నోట పెట్టింది. చాప మీద ఎవరో కిసుక్కుమన్నారు. సలోమి ఆగిపోయి, చెయ్యి చాచి నాకోసం వెతికింది.

"టీచరుగారూ, ఇలా నా పక్కన కూర్చోండి. ఎవరొచ్చేరో, ఎవరెళ్ళేరో, ఎవరు ఏడుస్తన్నారో నాకు చెప్పండి చాలు. ఆళ్ళు ఏవంటన్నారో మాత్రం చెప్పకండి. అది నేను చూసుకుంటాను."