లాకుల దగ్గర నేను కుదుర్చుకున్న బండి

ఎనభై ఏళ్ళ ముసలమ్మగారిని పొద్దు వాలేదాకా మంచినీళ్ళు కూడా లేకుండా కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను. ఎలా కూర్చోబెట్టానో చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఆ రోజు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేవని రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. వేదంలో నాలుగు పనసలు నోటికి వచ్చాయి కనుక ప్రపంచంలో ఇక నేర్చుకోవలసినదేమీ మిగల్లేదని నా నమ్మకం. మొగల్తూరు దాపున ఒక అగ్రహారంలో నారాయణమూర్తి గారనే ఆయన తండ్రి తద్దినం పెడుతున్నారు. భోక్తగా వెళ్ళవలసిన మా మేనమామ జ్వరంతో పడుకుని నన్ను పంపాడు. భోక్త భోజనం చేస్తేనే తద్దినం జరిగినట్టు. అంతదాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు, నారాయణమూర్తి గారి ముసలి తల్లి మంచినీళ్ళు కూడా ముట్టరు.

"మధ్యాహ్నానికల్లా అక్కడుండాలిరా," అని మామయ్య పదిసార్లు చెప్పాడు. పదిసార్లూ తల ఊపాను.

పొద్దున్నే లాకుల దగ్గర పడవ దిగి, కాలవలో స్నానం చేసి, మడి కట్టుకుని వచ్చేసరికి రేవులో ఉండే గూడుబండ్లన్నీ పెళ్ళివారెవరో ఎక్కేసి వెళ్ళిపోయారు. మిగిలింది ఒక ఒంటెద్దు బండి. గూడు లేదు. ఒక చక్రం తూర్పుకి చూస్తుంటే రెండోది పడమరకి చూస్తోంది. సింహాద్రి అనే ఆ ఎద్దు మాత్రం పింఛను పుచ్చుకుంటున్న మునసబులా కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది.

బండి పోలయ్యది. జాలరి, నడివయసువాడు.

"అగ్రహారానికి వస్తావా?"

"ఎందుకు రానండి! రెండు కోసులేగా. తమరెక్కండి, నేను ముందు కూకుని తోల్తాను."

"నువ్వు కూర్చుంటే నా మడేం కావాలి? నువ్వు గట్టు మీదుగా నడిచొచ్చి అక్కడ బండి తీసుకో. నేనే తోలుకుంటాను."

"తమరికి తోలడం వచ్చాండి?"

"వేదం వచ్చినవాడికి ఎద్దొక లెక్కా?"

"లెక్క కాదనుకోండి. అయితే దీనికో అలవాటుందండి..."

"మడిలో ఉన్నవాణ్ణి మాటల్లో పెట్టకు. జరుగు."

"అది కాదు బాబయ్యా, ఇది ఆగిందంటే..."

"జరగమన్నానా!"

పోలయ్య జరిగాడు. వయసులో మా నాన్నంతవాడు, రెండు చేతులూ కట్టుకుని పక్కకు జరిగాడు. ఇది రాస్తుంటే నాకు నవ్వు రావడం లేదు.

ఒక కోసు దూరం సింహాద్రి ముచ్చటగా నడిచింది. పండితుణ్ణి పశువు కూడా గుర్తుపడుతుందని మురిసిపోయాను. తరువాత ఒక పేట వచ్చింది. మొదటి గుమ్మం ముందు ఎద్దు ఆగిపోయింది. అదిలించాను. బతిమాలాను. తోక మెలిపెట్టాను. చివరికి ఒక పనస కూడా అప్పగించాను. అది నా వైపు చూడనైనా చూడలేదు. దిగి నడుద్దామంటే మోకాలి లోతు బురద.

ఇంతలో ఒకావిడ చాట పట్టుకుని బయటికి వచ్చింది.

"పోలయ్యేడండి? ఎండు నెత్తళ్ళున్నాయాండి?"

మడిబట్ట ఎత్తి పట్టుకుని లేచాను. "ఇది చేపల బండా?"

"మరేంటనుకున్నారండి? పొద్దున్నే కాలవలో కడిగేసుంటాడు, అందుకే మీకు వాసన తెలవలేదు."

"మరి కదలదేం?"

"కేకెయ్యందే ఎలా కదుల్తాదండి? గుమ్మం గుమ్మానికీ 'చేపలమ్మో చేపలు' అని మూడు కేకలేత్తాడండి పోలయ్య. మూడో కేక ఇంటేనే ఇది అడుగేత్తాది."

"ఆ కేకేదో నువ్వే వేసిపెట్టు తల్లీ!"

ఆవిడ నవ్వాపుకుంటూ వేసింది. బండి కదిలింది. పదడుగులు వెళ్ళి పక్క గుమ్మం ముందు ఆగింది. నేను వెనక్కి తిరిగి దీనంగా చూశాను.

"ఊరంతా నన్నే కూడా రమ్మంటారేంటండి? గొంతు లేదా మీకు?"

ఉంది. ఆ గొంతుతో మొదట సంధ్యావందనం చేసుకున్నంత మెల్లగా అన్నాను. సింహాద్రి ఒక చెవి ఆడించి ఊరుకుంది. రెండోసారి కొంచెం పెంచాను. లాభం లేదు. ఆఖరికి కళ్ళు గట్టిగా మూసుకుని, వేదసభలో ఘనం చెప్పే స్వరంలో మూడు కేకలు పెట్టాను. బండి కదిలింది. నా పరువు మాత్రం అక్కడే దిగిపోయింది.

ప్రతి గుమ్మం దగ్గరా అదే తంతు. ఆడవాళ్ళు చాటలతో పరిగెత్తుకొచ్చి, "కాళీ బండికి కేకలేంటండి, ఏం మడిసండీ బాబూ!" అని తిట్టుకుంటూ వెళ్ళారు. పొద్దు నడినెత్తి దాటింది. అక్కడ ఒక ఇంటిల్లిపాదీ పస్తున్నారని గుర్తొచ్చినప్పుడల్లా కేక ఇంకాస్త పెద్దదయ్యేది.

చీలుదారి దగ్గర ముకుతాడు పట్టి అగ్రహారం వైపు మళ్ళించాను. ఎద్దుకు కొత్త వీధి కదా, ఇక ఆగదనుకున్నాను. సింహాద్రికి గుమ్మమంటే గుమ్మమే, కులగోత్రాలు చూడదు. మొదటి అరుగు ముందే ఆగింది, కిందా అదే బురద. అలా పద్నాలుగు గుమ్మాల ముందు, మడిబట్టతో, విభూతి రేఖలతో, చేపల కేక వేశాను. తలుపులన్నీ తెరుచుకున్నాయి.

నారాయణమూర్తి గారు వీధి చివర అరుగు మీద నిలబడి ఉన్నారు. నన్ను ముట్టుకోకుండానే నూతి దగ్గరకు తీసుకెళ్ళి, తల మీద బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించారు. ఎండ కొబ్బరి మొవ్వుల మీదికి ఎక్కేలోగా ఎలాగో తద్దినం ముగిసింది. నేను చేయి కడుక్కుంటుంటే వాళ్ళమ్మగారు స్తంభం పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఇంత ఆలస్యమైందేం నాయనా?"

"పడవ ఆలస్యమైందండి బామ్మగారూ," అన్నాను, బొంగురు గొంతుతో. ఆ రోజు నేను చేసిన పనుల్లో అన్నిటికంటె నీచమైనది అదే.

"పడవ పొద్దున్నే వచ్చిందని పోలయ్య మధ్యాహ్నమే వచ్చి చెప్పాడులే. పాపం, నీకోసం వాడే మాకంటె ఎక్కువ కంగారుపడ్డాడు. ఇప్పుడే దొడ్లో వాడికి విస్తరి వేయించాను." ఆవిడ కాసేపు నన్ను ఎగాదిగా చూశారు. "ఈ ఇంట్లో ముప్పై తద్దినాలు చూశాను నాయనా. చేపలమ్ముకుంటూ వచ్చిన భోక్తను చూడడం ఇదే మొదలు."

ఇల్లంతా ఘొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వడానికి ఓపిక లేక లోపలికి వెళ్ళి మంచినీళ్ళ చెంబెత్తారు. చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

కనుక ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేసుకుంటున్నాను: ఈ జన్మలో ఏ రేవులో ఏ బండి కుదుర్చుకున్నా, తోలేవాణ్ణి ముందు కూర్చోబెట్టి, అతను చెప్పేది ఆసాంతం విని, ఆ తరువాతే కాలు పైకి పెడతాను. మడి పోతే మళ్ళీ స్నానం చేస్తాను.