సంపుకి అడుగున పెట్టిన కన్నం

మొన్న అమలాపురంలో మా చిన్నల్లుడి కారుకి టర్బో మారుస్తుంటే, ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనూ వెళ్ళి షెడ్డులో ఓ కుర్చీ వేయించుకున్నాను. మెకానిక్కు ఫోను పక్కన నిలబెట్టుకుని, ఎవరో ఏ దేశంలోనో చేసి చూపిస్తున్న పని చూసుకుంటూ ఆయిలు దిగే గొట్టం బిగించాడు. సరిగ్గానే బిగించాడు. నేనే అది చూస్తూ కూర్చోలేక, ఉక్కగా ఉందని వంక చెప్పి బయటికి వచ్చేశాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే జీపులకి, ఇంజినుకి గాలి ఎక్కించి బలమిచ్చే ఈ టర్బోలు ఉండేవి కావు. కొబ్బరికాయల లోడుతో వంతెన ఎక్కాలంటే ఆయాసపడేవి. చదువు ఒంటబట్టక నేను మా మేనమామ షెడ్డులో చేరి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యేదాకా ఆయన చేతికిందే ఉన్నాను. మధ్యాహ్నం భోజనం అత్త చేతిదే. పులస చేపల కాలంలో నా వాటా ముక్క విడిగా తీసిపెట్టేది. నేను వేరే షెడ్డు పెట్టుకునే ముందు ఏడాదే మావయ్య పాత సామాన్ల బజారు నుంచి టర్బోలు తెచ్చి జీపులకి తగిలించడం మొదలుపెట్టారు.

టర్బోకి ఆయిలే ప్రాణం. ఇంజినులోంచి సన్న గొట్టంలో ఒత్తిడితో ఎక్కాలి, బేరింగుని తడిపి, లావు గొట్టంలోంచి తన బరువుకి తానే ఇంజిను అడుగున ఆయిలు నిలవుండే సంపులోకి దిగిపోవాలి. ఎక్కే గొట్టం మావయ్య నా చేతే పెట్టించేవారు. దిగే గొట్టానికి సంపు విప్పి కన్నం పెట్టించాల్సి వస్తే మాత్రం, లేతు మిషను దగ్గరికి తానొక్కరే పట్టుకెళ్ళేవారు. బరువని నన్ను మొయ్యనివ్వడం లేదనుకుని మురిసిపోయాను.

ఓడలరేవు రోడ్డులో నా షెడ్డుకి కొబ్బరికాయ కొట్టింది ఆయనే. మొదటి టర్బో పని మా ఆవిడ తరఫు బంధువు, ఒక రొయ్యల రైతుది. కన్నం ఎక్కడ పెట్టాలని మావయ్యని అడిగాను.

"ఒరేయ్ అల్లుడూ, బాగా అడుగున పెట్టు. ఎంత కిందకుంటే ఆయిలు అంత తొందరగా దిగిపోద్ది."

"మనం చేసిన బళ్ళకి పైన పెట్టించేరు కదా మావయ్యా?"

"ఆయ్, వాటికి అడుగున చోటు లేక."

నా కళ్ళతో చూసినదాన్ని పక్కనపెట్టి, ఆయన చెప్పిన చోటే పెట్టించాను. వారం తిరక్కుండానే ఆ జీపు నీలంపొగ కక్కడం మొదలెట్టింది. రెండుసార్లు విప్పి బిగించినా తగ్గలేదు. రైతు నాతో ఒక్క మాటా అనకుండా బండిని మావయ్య దగ్గరికి తోలుకుపోయాడు. అది విని నేను వెళ్ళేసరికి పని అయిపోయింది. జీపు కిందికి దూరి చూస్తే, నేను పెట్టించిన కన్నం మూసి వెల్డింగు చేసి ఉంది. కొత్తది జానెడు పైన ఉంది. అప్పుడు అర్థమైంది. నా కన్నం నిలవున్న ఆయిల్లో మునిగిపోయింది. పైనుంచి వచ్చేది దిగే దారిలేక టర్బోలోనే నిండి, సీలు దాటి ఇంజినులోకి కారి కాలిపోయింది, ఆ నీలంపొగ అదే.

"కుర్రోడండీ, ఇంకా చెయ్యి తిరగలేదు. ఏవనుకోకండి, నేనున్నాను కదండీ" అని మావయ్య రైతుతో అంటున్నారు. నేను కిందే పడుకుని విన్నాను.

రైతు వెళ్ళాక, తెలిసే చెప్పేరా అని అడిగాను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తొణక్కుండా చెప్పారు.

"తెలిసే చెప్పేను. ఇదొక్కటీ నీకొచ్చేస్తే ఇంక నా షెడ్డుకెవడొస్తాడ్రా? అత్త వడ్డిస్తంది, తినెళ్ళు."

అత్త కంచం పెట్టి, నా మొహంకేసి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకీ తెలుసన్నమాట. అన్నం కలపకుండానే లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నా షెడ్డుకి బండి రాలేదు. మస్కట్ వెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే పనిచేశాను. తిరిగొచ్చాక పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఆయన భుజం మీద చెయ్యేసి పలకరించేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఊసు ఇద్దరం ఎత్తలేదు. ఆయన పోయిన రోజున పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఏడుపు మాత్రం రాలేదు.

ఇప్పుడు ఏ పనైనా అరచేతిలో కనిపిస్తుంది. దాచుకునేవాడి అవసరం ఎవరికీ లేదు. పిల్లలు ఒకరి మాట విని ఊరుకోరు, నలుగురివి చూసి సరిపోల్చుకుంటారు. మంచిదే. ఆయన మాట మీద పెట్టించినట్టు ఇంకెవరి మాట మీదా నేను కన్నం పెట్టించలేదు. కట్టుకున్న మనిషి చెప్పినా, పైకి సరేనని, అందులో ఏం దాచిందోనని లోపల ఒకసారి చూసుకుంటూనే ఉన్నాను.