కామాఠీపురాలో ఆరు గంటల వార్తలు

ముంబయి దాకా వెళ్లి, సముద్రం వైపు కన్నెత్తి చూడకుండా ఒక గదిలో కూర్చుని టీవీ చూసి వచ్చినందుకు యావత్ యాత్రికలోకానికీ శిరస్సు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. మా చిన్నాయన నర్సింహ, పాలమూరు నుంచి వలసొచ్చిన తెలుగువాళ్లుండే కామాఠీపురాలో ఒక గల్లీ ఛానల్ నడుపుతాడు. పగలంతా అందులో హైదరాబాద్ ఛానల్ ప్రసారాలే వస్తాయి. సాయంత్రం ఆరు నుంచి పావుగంట మాత్రం సొంత వార్తలు: ఏ చాల్ మేడలో నీళ్లు రావు, ఎవరింట పెళ్లి, పాలమూరు బస్సు ఎక్కడ ఆగుతుంది. "రేపు వర్లి కేబులాఫీసోళ్లు మన వార్తలు మల్లొకసారి చూస్తరంట. నడుమల ఆగితే మన ఛానల్ నంబర్ వేరేటోళ్లకిస్తరంట. నువ్వుంటే జర ధైర్యం, రారా" అని ఫోన్ చేశాడు. ధైర్యం కోసం నన్ను పిలిచిన మొదటి మనిషి ఆయనే.

దాదర్‌లో రైలు దిగి, ఐదు రూపాయల లోకల్ టికెట్‌తో ముంబయి సెంట్రల్ చేరాను. అక్కణ్ణుంచి నడిస్తే పావుగంటే, సామాను ఉండడంతో టాక్సీ ఎక్కాను.

"కామాఠీపురా? కాయకో?" అన్నాడు డ్రైవరు, ఎందుకన్నట్టు. ఊరందరికీ ఆ పేట రెడ్‌లైట్ ఏరియాగానే తెలుసు.

"టీవీలో వార్తలు చూడ్డానికి" అన్నాను నా హిందీలో.

ఫోరస్ రోడ్ దాకా అద్దంలో నన్నే చూశాడు. దించుతూ, "న్యూస్! సబ్ యహీ బోల్తే హై" అన్నాడు, అందరూ చెప్పేది ఇదేనన్నట్టు.

ఐదుంబావుకి మెట్లెక్కాను. స్టూడియో అంటే చిన్నాయన పడకగదిలో సగం: గోడకి నీలం దుప్పటి, ఒక కెమెరా, ఒక బల్ల. చిన్నమ్మ మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆరు తిన్నాను.

ఐదూ నలభై ఐదుకి వార్తల కాగితం మాయమైంది.

"కాగద్ ఏడ వెట్టినవే పోరీ?"

"ఈడ్నే టేబుల్ మీదుండె కాకా! నేనైతే తీయలే!" అంది వార్తలు చదివే స్వప్న.

కింది అంతస్తు అమ్మాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదివింది మరాఠీ బడిలో కాబట్టి మన అక్షరాలు రావు. అందుకే చిన్నాయన రోజూ తెలుగు వార్తల్ని మరాఠీ అక్షరాల్లో రాసిస్తాడట. రెండో ప్రతి ఉండదు. పరుపు ఎత్తారు. చిన్నమ్మ బియ్యం డబ్బా కూడా తెరిచింది. అందరికంటే ఎక్కువ వెతికింది నేనే. చిన్నాయన మళ్లీ రాయబోయాడు కానీ, గడియారం వైపే చూస్తూ రాస్తే రెండు వాక్యాలు కూడా సాగలేదు.

ఐదూ యాభై ఎనిమిది. "ఇయ్యాలతోని ఖతం" అన్నాడు కూలబడి.

"కాకా, నువ్వు టేబుల్ కింద కూసోని చెప్పు. నేను అంట" అంది స్వప్న.

ఛానల్ యాజమాన్యం వంగి బల్ల కిందికి దూరింది. ఆరు. కింద గుసగుస, పైన గట్టి గొంతు. మూడో వార్త దగ్గర చిన్నాయనకి దగ్గు తెర పట్టుకుంది. కండువా నోట్లో కుక్కుకున్నాడు. స్వప్న ఆగింది. చిన్నమ్మ నా మోచెయ్యి నొక్కిపట్టింది. ఒకటి, రెండు, మూడు...

"పాలమూరు బస్సు ఇయ్యాల నాగ్‌పాడా నాకా కాడ ఆగుతది. ఎనిమిదింటికే రావాలె" అంది స్వప్న, తనంతట తానే. వాళ్ల నాయన ఎక్కేది ఆ బస్సే. ఆ ముక్కకి కాగితం అక్కర్లేదు.

ఆరుంబావుకి హైదరాబాద్ తిరిగొచ్చింది. వెంటనే వర్లి నుంచి ఫోన్ మోగింది. చిన్నాయన బల్ల కిందనుంచే ఎత్తి, "హో సాహెబ్, హో" అని పెట్టేశాడు.

"పోరి పోయినసారి కిందికి చూసుకుంట చదివిందంట. ఇయ్యాల మొకం జూసి మాట్లాడిందంట. రోజూ గిట్లనే కావాల్నంట. నంబర్ మనదే!"

"అంటే రోజూ టేబుల్ కిందనేనా?" అంది చిన్నమ్మ.

మర్నాడు ఆరింటికి వరండాలో నిలబడి విన్నాను. పగలంతా మోగిన హైదరాబాద్‌కి తలెత్తనివాళ్లు, స్వప్న గొంతు రాగానే కుక్కర్లు దించి గుమ్మాల్లోకొచ్చారు. ఆ పావుగంట పోతే ఆ ఇళ్లకి ఏం పోయేదో అప్పుడు తెలిసింది.

వెళ్లేవాళ్లకి ఒకే సలహా: చేతిరుమాలు మరిచిపోకండి. కాగితాన్ని ఎలుక ఎత్తుకెళ్లిందని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. మరాఠీ అక్షరాలు చూసి చిత్తుకాగితం అనుకుని, బజ్జీల నూనె తుడుచుకుని, ఉండచుట్టి కిటికీలోంచి గల్లీలోకి విసిరింది నేనే.