మూరెడు పక్కన పడే గురి

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు లెండి, చేతిలో ఫోనూ సంచిలో బయోడేటా పెట్టుకుని తిరిగిన రోజులే, నాకు ఇరవైమూడేళ్ళు. ఆ వయసులో మనిషికి చేతనైన పనులు నాలుగుంటే, చేతనవునని చెప్పుకునేవి నలభై ఉంటాయి. నాకైతే ఆ రెండో జాబితా చాంతాడంత ఉండేది. ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ బ్రాంచిలో, చెరువు నీళ్ళు పరీక్షచేసే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. నీళ్ళ గురించి అడిగినవన్నీ బాగానే చెప్పాను. చివర్లో మేనేజరుగారు మాటవరసకి "ఆటలేమైనా ఆడతారా అండీ?" అన్నారు. లేదంటే సరిపోయేది. "రైఫిల్ షూటింగులో జిల్లా ఫస్టండీ" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. నిజం ఏమిటంటే, కాలేజీ క్యాంపులో ఒక్కసారి నాచేత అయిదు గుళ్ళు కాల్పించారు. అయిదూ వెళ్ళి పక్కవాడి అట్టకి తగిలాయి. (వాడు కాల్చినవి అయిదు, అట్టకి చిల్లులు పది. వాడికి చప్పట్లు కొట్టారు కూడా.)

ఉద్యోగం ఇచ్చారు, ఏడాది ప్రొబేషను మీద. మా మేనేజరుగారు వెన్నలాంటి మనిషి. ఆలస్యంగా వస్తే ఊరుకుంటారు, గాజు గొట్టం పగలగొడితే ఊరుకుంటారు. కాని, చేరిన మొదటిరోజే ఒక మాట చెప్పేశారు. "చూడు బాబూ, నువ్వేం చేసినా సరిదిద్దుకుందాం. అబద్ధం ఒక్కటి మాత్రం నాతో చెప్పకు." నాకంటే ముందున్న కుర్రాడు చెరువు గట్టెక్కకుండా టీ కొట్టు దగ్గర కూర్చుని నీళ్ళ లెక్కలు రాసేశాడట. ఆ సాయంత్రమే ఇంటికి పంపించేశారట. ఈ కథ ఎవరు ఎత్తినా నేను మాట మార్చేసేవాణ్ణి.

నా ప్రొబేషను ఇంకా రెండు నెలలుందనగా వచ్చిపడింది ఉపద్రవం. ఏటా మా బ్రాంచికీ మండపేట బ్రాంచికీ ఏదో ఒక ఆటపోటీ పెట్టేవారు, ఏటా మేము ఓడిపోయేవాళ్ళం. తాడు లాగడంలో ఓడాం, కబడ్డీలో ఓడాం. (ఆ మండపేట కెప్టెనుగారు చెరో భుజాన ఒక్కో ధాన్యం బస్తా వేసుకుని కబుర్లు చెబుతూ నడిచిపోయే మనిషి. ఆయన్ని పట్టుకోవడమా, పట్టుబడకుండా పారిపోవడమా అన్నది మాకు ఏనాడూ తేలలేదు.) ఆ ఏడు ఓడలరేవు దగ్గర కొబ్బరితోటలో కొత్తగా పెయింట్‌బాల్ ఆట పెట్టారని తెలిసి, పోటీ అందులోనే అన్నారు. తుపాకీలాంటి దాంట్లోంచి రంగు గుళ్ళు వస్తాయి, ఒంటిమీద పడి చిట్లితే మనం అవుటు. మేనేజరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఈసారి మనకి జిల్లా ఫస్టు ఉన్నాడర్రా!" అని ఆఫీసంతా వినబడేట్టు అరిచి, నన్ను కెప్టెన్ని చేసేశారు. ఇంక మూడు వారాలే ఉంది. గురి తప్పితే మ్యాచి పోతే పోయింది, నా అబద్ధం బయటపడి ఉద్యోగం కూడా పోతుంది.

ఆ దిగులుతో చెరువుగట్ల మీద తిరుగుతుంటే కంటబడ్డారు మావయ్యగారు. ఆయన కంపెనీ ప్రయోగాల చెరువులకి కాపలా. ఎవరికి మావయ్యో ఎవరికీ తెలియదు కాని, ఊరంతటికీ మావయ్యగారే. అరవై దగ్గర పడ్డ మనిషి, చొక్కా మీద తువ్వాలు, చేతిలో ఉండేలు, నడుముకి మట్టి ఉండల సంచి. రొయ్యల కోసం నీటికాకులు దిగినప్పుడల్లా ఉండేలు సాగదీసి ఠప్పున వదిలేవారు. ఉండ పక్షికి మూరెడు పక్కన నీళ్ళలో పడేది. పక్షి లేచిపోయేది. ఒకరోజు గంటసేపు చూశాను. ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు. నాలాంటివాడే ఇంకొకడు దొరికాడని ప్రాణం లేచివచ్చి, దగ్గరికి వెళ్ళి "పోన్లెండి మావయ్యగారూ, గురి అందరికీ కుదరదు" అని ఓదార్చాను.

ఆయన నాకేసి జాలిగా చూశారు. "తగిలితే చచ్చిపోద్ది కదండి బాబుగారూ" అన్నారు. "చచ్చి చెరువులో పడితే నీళ్ళు పాడు. పైగా దాని పొట్ట కోసం అది వచ్చింది, దానికి మనతో గొడవేంటండి? మూరెడు పక్కన పడాలండి. జానెడైతే తగిలేస్తాది, బారెడైతే లెక్కచెయ్యదు." నేను నమ్మలేదు. నమ్మలేదని నా మొహం చూసి ఆయనకి తెలిసిపోయింది. నీళ్ళలో తేలుతున్న కొబ్బరిడొక్క ఒకటి చూపించి, "దానికి కుడిపక్క మూరెడు" అని వదిలారు, పడింది. "ఎడం పక్క" అన్నారు, పడింది. "ఇప్పుడు దాని నెత్తిమీద" అన్నారు. డొక్క గిర్రున తిరిగింది. తస్సాదియ్యా అనుకుని, గట్టుమీద అక్కడికక్కడే ఆయన కాళ్ళకి దండం పెట్టేశాను. పెట్టి, జిల్లా ఫస్టు సంగతీ పక్కవాడి అట్ట సంగతీ మొత్తం కక్కేశాను. ఆయన నవ్వలేదు. "ఆయ్. పొద్దున్నే ఆరింటికి వచ్చెయ్యండి" అన్నారంతే.

ఆ మూడు వారాలు నేను నేర్చుకున్నది మామూలు విద్య కాదు. మొదటి వారం ఉండేలు ముట్టుకోనివ్వలేదు. నీటికాకి మునిగితే ఎక్కడ తేలుతుందో చెప్పమనేవారు. "ములిగిన చోట చూడకండి. అక్కడ లేదు కదా మరి! నీడ ఎటుంది, గాలి ఎటుంది, దాని మనసెటుంది, అటు చూడండి" అనేవారు. రెండో వారం ఊపిరి. పీల్చినప్పుడు వదలకూడదు, బిగబట్టి వదలకూడదు, ఊపిరి సగం బయటికి పోయి చెయ్యి చల్లబడ్డప్పుడు వదలాలి. మూడో వారం తోలడం. అన్నిటికంటే గొప్ప సంగతి అదే. ఆయన పక్షిని ఊరికే లేపేవారు కాదు, ఎటు పోవాలో అటు పంపేవారు. "పక్క చెరువు మీదికి తోలేస్తే ఆళ్ళు మాత్రం మనోళ్ళు కారేంటండి? కాలవ మీదికి పంపాలి" అని, కుడివైపు ఒకటీ వెనకవైపు ఒకటీ వేసేవారు. పక్షి తన ఇష్టప్రకారమే వెళుతున్నాననుకుంటూ కాలవ మీదికి వెళ్ళిపోయేది. ఇంత విద్య చేతిలో పెట్టుకుని, ఊళ్ళో ఎవరైనా "మీకు ఒక్కటీ తగలదేం మావయ్యా" అని ఎటకారం ఆడితే "ఆయ్, తగలదండీ" అని నవ్వేసి ఊరుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాకు అబ్బింది మాత్రం అంతంతే. పదడుగుల్లో ఉన్నదాన్ని కొట్టగలిగేవాణ్ణి, అది కదలకుండా ఉంటే.

పోటీరోజు రానే వచ్చింది. జట్టుకి ఆరుగురు, మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళకి కప్పు. తోటలో పీపాలు, ఇసక బస్తాలు, బోర్లించిన పాత పడవ ఒకటీ దాక్కోవడానికి. మొదటి ఆట ఎలా పోయిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. మా స్టోర్సు చూసే బాబాయిగారు ఇసక బస్తాల వెనక ఎంచక్కా దాక్కున్నారు, బ్రహ్మదేవుడికి కూడా కనబడరు. అవతలనుంచి మండపేట కెప్టెనుగారు "బాబాయిగారూ, బావున్నారా అండీ?" అని పలకరించారు. పలకరించినవాళ్ళకి బదులు చెప్పకపోవడం అనే మర్యాదతక్కువ పని మా వైపు పుట్టినవాడు చెయ్యలేడు. "ఆయ్, బావున్నామండీ! తవరు?" అంటూ బాబాయిగారు లేచి నిలబడ్డారు. మొహానికి కట్టిన ముసుగు మీద ఠప్పున పసుపురంగు పడింది. "మేనేజరుగారండీ, భోజనాలు ఎన్నింటికండీ?" అన్నారు ఆ మండపేట కెప్టెనుగారే మళ్ళీ. "ఒంటిగంటకండీ, ముందు మీరు..." అంటూ మేనేజరుగారు పీపా వెనకనుంచి తల బయటపెట్టారు, అంతే. మాట్లాడకండి మహాప్రభో అని అందరికీ చెప్పడానికి నేను లేచాను. నాకు వీపు మీద రెండు తగిలాయి.

బాబాయిగారు మోకాలు పట్టుకుని కూర్చుండిపోయారు, ఇంక ఆడనన్నారు. ఆరో మనిషి లేడు. భోజనాల వ్యానులో కొబ్బరిబొండాలు తెచ్చిన మావయ్యగారు గట్టున నిలబడి ఉంటే, ఆయన్నే లాక్కొచ్చి ముసుగు తగిలించాను. ఆయన ముందు ఒక గుండు పక్క చెట్టుకి వదిలి చూసుకున్నారు. "ఇది ఎడం పక్కకి లాగుతోందండి. దూరం పోయేసరికి కిందకి జారుతోంది. ఏ తుపాకీ బుద్ధి దానిదే, ముందు అది కనుక్కోవాలండి" అన్నారు. నా తుపాకీని నేను అసలు పలకరించనే లేదని అప్పుడు తెలిసింది. తరవాత ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "మనిషిని కొట్టడం నా వల్ల కాదండి. ఎటు తోలమంటారో చెప్పండి" అన్నారు. పడవ చూపించాను.

ఆ తరవాత జరిగింది చూసి తీరాలి. నేను పడవ వెనక కూర్చున్నాను. తోటలో ఠప్పు మని ఒకటి, ఒకాయన చెవి పక్కన చెట్టుకి. ఆయన ఉలిక్కిపడి ఎడమకి దూకాడు. దూకినచోట కాలికి మూరెడు ముందు ఇంకొకటి. అటు లాభంలేదనుకుని, పడవచాటు భద్రంగా ఉంటుందని సొంతబుద్ధితో నిర్ణయించుకుని, పరుగెత్తుకుంటూ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కొట్టాను. అయిదు నిమిషాల్లో రెండోవాడు, ఆ వెనకే మూడోవాడు. అంత దగ్గరకొచ్చి నిలబడినవాణ్ణి కళ్ళు మూసుకున్నా కొట్టొచ్చు. (రెండుసార్లు మూసుకున్నాను కూడా.) ఆఖరికి మండపేట కెప్టెనుగారు కూడా ఆయాసపడుతూ వచ్చి నాకు దొరికిపోయారు. రెండు ఆటలూ మావే. రిఫరీ లెక్క చదివాడు. అవుటైన పన్నెండుమందీ నా ఖాతాలోనే! మావయ్యగారి పేరు ఎదురుగా సున్నా.

కప్పు నా చేతిలో పెట్టి మేనేజరుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ నీళ్ళు చూసేసరికి నా నోరు ఊరుకోలేదు. "నేను కాదండీ, మావయ్యగారండీ. నాకు నేర్పింది కూడా ఆయనేనండీ" అన్నాను. మేనేజరుగారి మొహంలో నవ్వు ఆగింది. "జిల్లా ఫస్టుకి మావయ్య నేర్పడమేంటి బాబూ?" అన్నారు. మండపేట కెప్టెనుగారు ఊరుకోరుగా! "అంత గురి ఉంటే ఓసారి చూపించమనండి, మావయ్యగారిని" అంటూ పీపా మీద ఒక బొండం నిలబెట్టారు. ఆ వెనకాల, గుళ్ళు రోడ్డు మీదికి పోకుండా చెక్కల గోడ ఒకటుంది, దాన్నిండా ఎన్నాళ్ళనాటివో ఎండిపోయిన రంగులు.

మావయ్యగారు నా మొహం చూశారు, మేనేజరుగారి మొహం చూశారు. తుపాకీ ఎత్తారు. మొదటిది తప్పింది. రెండోది తప్పింది. మూడోదీ తప్పింది. తోటంతా గొల్లుమంది. "మావయ్యగారూ, మీరు బొండాలు కొట్టడానికి కత్తే వాడండి!" అని ఎవరో అరిచారు. "ఆయ్, కళ్ళు ఆనట్లేదండీ" అంటూ ఆయన కూడా అందరితోపాటు నవ్వేశారు. మేనేజరుగారు ఊపిరి పీల్చుకుని నా భుజం తట్టి, "చూశారా, గెలిచికూడా ఎంత వినయమో మా వాడికి" అన్నారు. అంటే నేను బతికిపోయాను. నా ఉద్యోగం గట్టెక్కింది.

ఎందుకు నడిచానో గాని ఆ గోడ దగ్గరికి నడిచాను. పాత రంగుల మధ్య తడిగా, పచ్చగా మెరుస్తూ ఒక్కటే మచ్చ ఉంది. బొండానికి సరిగ్గా మూరెడు పక్కన. ఇంకో రెండింటికోసం గోడంతా వెతికాను. లేవు. మూడూ అక్కడే పడ్డాయి, ఒకదానిమీద ఒకటి. నాకు దుఃఖం ఆగలేదు. వెనక్కి తిరిగితే మావయ్యగారు దూరంనుంచి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. చుట్టూ జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"మేనేజరుగారండీ, ఒక్కసారి ఇలా రండి" అని గట్టిగా కేకేశాను.

ఆయన వచ్చారు. ఇరవయ్యేళ్ళు చెరువుగట్ల మీద గడిపిన మనిషి, ఆయనకి చెప్పాల్సిన పనిలేదు. మచ్చని వేలితో ముట్టుకుని, అక్కణ్ణుంచి బొండానికి మోచెయ్యి ఆనించి కొలిచి చూసి, "జిల్లా ఫస్టు?" అన్నారు. "కాదండీ. ఆఖరండీ" అన్నాను. ఆయన ఇంకోసారి మోచెయ్యి ఆనించి కొలుచుకున్నారు. తరవాత అందర్నీ గోడ దగ్గరికి పిలిచారు. ఒక్కొక్కరే వచ్చి చూసి, ఒక్కొక్కరే నవ్వు మానేశారు. మండపేట కెప్టెనుగారైతే తల మీది టోపీ తీసేశారు. కప్పు మేనేజరుగారే నా చేతిలోంచి తీసుకుని మావయ్యగారికి ఇచ్చారు. నన్ను పంపించెయ్యలేదు గాని, ప్రొబేషను ఇంకో ఏడాది పొడిగించారు. ఆ ఏడాదంతా నేను తెచ్చిన ప్రతి నీళ్ళ లెక్కనీ స్వయంగా గట్టెక్కి సరిచూసుకున్నారు.

తిరుగు వ్యానులో మావయ్యగారు కప్పు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.  ఊరు దగ్గర పడ్డాక నావైపు తిరిగి, "ఏంటండి బాబుగారూ, మూడు గుళ్ళు శుభ్రంగా దండగ చేసేరు" అన్నారు, నిజంగానే కోపంగా.

ఇప్పుడు నాకు బట్టతలా, బ్రాంచీ, కింద పదిమందీ ఉన్నారు. నోరు తెరిస్తే లౌక్యంగానే తెరుస్తాను, ఎక్కడ ఊరుకోవాలో బాగా తెలుసు. ఆ ఇరవైమూడేళ్ళ కుర్రాడు కోసిన కోతలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కాని ఆ గోడ దగ్గర నిలబడి వాడు వేసిన కేక గుర్తొచ్చినప్పుడు, ఇవాళ నాకు అంత గొంతు లేస్తుందా అని అనుమానమొచ్చి, నాలో నేనే నవ్వుకుంటాను.