గ్లెనిస్ ఎడమ చెయ్యి

గ్లెనిస్ టాటర్సాల్ పగ పట్టింది ఒక గురువారం సాయంత్రం, మా గారడీ సంఘం వాళ్ళందరి ముందు. సంఘానికి కార్యదర్శిని నేను. కుర్చీలు వేసేదీ, టీ కాచేదీ కూడా నేనే. ఇంగ్లండ్‌లోని మోర్కామ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న పబ్బు మేడ మీద గది మాది. సభ్యులం పదిహేడు మందిమి, అందులో పదిహేను మంది మగవాళ్ళు. తమంతటివాళ్ళు లేరని వాళ్ళలో పద్నాలుగు మందికి గట్టి నమ్మకం.

ఆ నమ్మకం బాగా ముదిరినవాడు మా అధ్యక్షుడు రోలండ్ క్రాబ్‌ట్రీ. ఇరవై రెండేళ్ళు గ్లెనిస్ అతని ప్రదర్శనల్లో సహాయకురాలు. వారమంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేసి, శనివారం మెరుపుల గౌను వేసుకొని పెట్టెలో ముడుచుకొని పడుకునేది. అతను ఆ పెట్టెను రంపంతో కోసేవాడు. చప్పట్లన్నీ అతనికే. పేకముక్కలూ బంతులూ మాత్రం ఆమెను ఒక్కనాడూ ముట్టనివ్వలేదు. సాధన చేస్తుండగా ఆమె గదిలోకి వస్తే వీపు తిప్పేసేవాడు, మహానుభావుడు.

ఆ గురువారం అందరూ వింటుండగా అన్నాడు: "గ్లెన్, ఇక నువ్వొద్దులే. పెట్టె మూత పడాలంటే నేనెక్కి కూర్చోవాల్సొస్తోంది. వచ్చే నెల నుంచి మా మేనకోడలు చేస్తుంది."

గదంతా నవ్వింది. గ్లెనిస్ నవ్వలేదు.

"సరే. అయితే నాకు ముక్కలు నేర్పు. నేనూ సభ్యురాలిగా చేరతా," అంది.

"నువ్వా? పెట్టెలో పడుకుంటే గారడీ వచ్చేస్తుందా? పడుకోవడమైతే మా పిల్లీ పడుకుంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న వేడి టీ వాడి నెత్తిన కుమ్మరిద్దామనుకున్నాను. కుమ్మరించలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంటికి నడుస్తూ నేనే రెచ్చగొట్టాను. "వాడి పెట్టె గుట్టంతా నీకు తెలుసు కదే! ఊరంతా చాటెయ్యి."

"చాటితే ఏమంటారు? కడుపుమంటతో వాగిందంటారు," అంది గ్లెనిస్. "అలా కాదు. వాడి బల్ల దగ్గరే, వాడి కళ్ళ ముందే వాణ్ణి వెధవని చెయ్యాలి. అప్పటిదాకా నేను తిన్నది ఒంటబట్టదు."

అందుకు దారి ఒక్కటే ఉంది, మా ప్రవేశపరీక్ష. చేరాలనుకున్న మనిషి బల్ల ముందు కూర్చుని ముక్కలతో, బోర్లించిన గిన్నెలూ బంతులతో గారడీ చేసి చూపాలి. అధ్యక్షుడు ఎదురుగా కూర్చుంటాడు. మూడుసార్లు "ఆగు" అని ముక్కో బంతో ఏ చేతిలో దాచారో చెప్పి, ఆ చెయ్యి తెరిపించవచ్చు. ఒక్కసారి దొరికినా ఇంటికే. మళ్ళీ పరీక్షకు రానివ్వరు, ఆ జన్మకు అంతే. రోలండ్ చేతిలో అలా తొమ్మిది మంది పోయారు.

నేర్పేవాళ్ళు లేరు కనుక ఆమె వీడియోలు పట్టుకుంది. ఎవరో బెల్జియం ఆయన పాఠాలు. వంటగది బల్ల మీద పాలజగ్గుకు ఫోను ఆనించి, సగం వేగంతో పెట్టుకొని, ఆయన చేతుల్ని చూస్తూ చేసేది. బంతులు ఫ్రిజ్ కిందికి దొర్లేవి, పొయ్యి మీద బీన్స్ మాడేవి. బంతి జారిన ప్రతిసారీ రోలండ్‌ను ఒక తిట్టు తిట్టేది. ఏడాదిన్నరకు బంతులు జారడం మానాయి, తిట్లు మాత్రం మానలేదు.

పరీక్షకు రెండు వారాలుందనగా నన్ను పిలిచి చూపించింది.

"గ్లెన్, అన్నీ ఎడమ చేత్తో చేస్తున్నావేంటే?"

"ఆయన చేసినట్టే చేస్తున్నాగా."

"ఆయన నీకు ఎదురుగా కూర్చున్నాడే తల్లీ! నీకు ఎడమపక్క కనబడేది ఆయన కుడి చెయ్యి. అద్దంలో చూసినట్టు మొత్తం తిరగేసి నేర్చుకున్నావు!"

గ్లెనిస్ కుర్చీలో కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. రెండు నిమిషాలు తన చేతుల్ని చూసుకొని, "రోలండ్ ఇదంతా కుడి చేత్తో చేస్తాడు కదూ?" అని అడిగింది.

"నలభై ఏళ్ళుగా."

"అయితే చూడటానికి కూడా కుడి చేతినే చూస్తాడు. ఉండనీ," అంది.

పరీక్ష రోజు రోలండ్ కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. ముక్కల ఆట సగంలో ఉండగానే, సరిగ్గా చూడను కూడా చూడకుండా, "ఆగు. కుడి అరచెయ్యి," అన్నాడు. గ్లెనిస్ చెయ్యి తెరిచింది. ఖాళీ. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బంతులాట మొదలయ్యాక మళ్ళీ, "ఆగు! కుడి చెయ్యే!" అన్నాడు. మళ్ళీ ఖాళీ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు తెలిసింది వాడికి. ముందుకు ఎగబడి ఆమె ఎడమ మణికట్టును రెండు చేతులా పట్టేశాడు. "దొరికావు! ఎడమ చేతిలో ఉంది. అంతా ఎడమ చేత్తోనే చేస్తోంది ఈ మనిషి!"

గదిలో ఉన్నవాళ్ళందరం ఆ ఎడమ చేతినే చూశాం. నేను కూడా. గ్లెనిస్ నింపాదిగా ఒక్కో వేలూ విప్పింది. ఏమీ లేదు. తర్వాత గిన్నెలెత్తింది. బంతులకు బదులు ఒక్కో గిన్నె కింద ఒక్కో నిమ్మకాయ. అందరం ఎడమ చేతిని చూస్తుండగా కుడి చేత్తో తన పని కానిచ్చేసింది.

"గట్టిగా పట్టుకున్నందుకు థాంక్స్ రోలండ్," అంది. "సహాయకుడు లేకపోతే ఎలా అని భయపడ్డా."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఇక్కడ తన్నింది ఆడది. చప్పట్లు కొట్టి కొట్టి నా చేతులు వాచాయి. మిగతావాళ్ళూ లేచి నిలబడ్డారు. ఆమె సభ్యుల పుస్తకంలో సంతకం పెట్టింది.

రోలండ్ లేచి, పళ్ళ బిగువున, "ఇప్పుడు చల్లారిందా కడుపు?" అని అడిగాడు.

"ఎక్కడ చల్లారింది?" అంది గ్లెనిస్.

తిన్నగా నోటీసు బోర్డు దగ్గరికి నడిచింది. వచ్చే నెల అధ్యక్ష ఎన్నికకు పేర్లిచ్చే కాగితం అక్కడ వేలాడుతోంది. ఏటా దాని మీద రోలండ్ ఒక్కడి పేరే ఉంటుంది. దాని కింద ఆమె తన పేరు రాసి, బలపరిచేవాళ్ళ గడి చూపిస్తూ పెన్ను నాకందించింది. రోలండ్ నా వైపు చూశాడు. ఆ చూపుకు భయపడి పదకొండేళ్ళు వాడికి టీ పోశాను. గడి చాలక పక్క గడిలోకి కూడా పోయేంత పెద్ద సంతకం పెట్టాను.