మనవరాలి చక్రానికి కనపడని నలుపు

మా మనవరాలు గుడివాడలో డిప్లొమా చదువుతోంది. బట్ట మీద దొర్లిస్తే పొడవు చెప్పే చక్రం ఒకటి చేసింది. చక్రం మీద నలుపూ తెలుపూ చారలు, వాటికి ఎదురుగా గోరంత సెన్సారు. అది మన కంటికి ఆనని వెలుగు విసురుతుందట. తెలుపు దాన్ని తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది. ఒక చిప్ ఆ మార్పుల్ని లెక్కపెట్టి పొడవు చెబుతుంది.

మధ్యాహ్నం కాలేజీలో ఆ చక్రానికే పరీక్ష. పొద్దున్నే చూద్దును కదా, చక్రానికి అతికించిన కాగితం మీద పెన్నుతో గీసిన చారలు వంకరటింకర.

"కోడి కెలికినట్టుందే" అన్నాను.

"లెక్కపెడుతోంది కదా తాతయ్యా, వదిలెయ్."

వదలలేదు. నాకు అక్షరాలు యాభయ్యేళ్లు దాటాక వచ్చాయి గానీ, బందరులో కలంకారీ అచ్చు పట్టింది పన్నెండో ఏట. ఆ కాగితం చింపేశాను. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన మా నల్లరంగుతో చారలు అద్ది, ఎండలో ఆరబెట్టి అతికించాను. కాకి సిగ్గుపడే నలుపు.

మనవరాలు చక్రం తిప్పింది. సున్నా. వైర్లన్నీ పీకి తిరిగి పెట్టింది. మళ్లీ సున్నా.

"దాన్ని కంటి డాక్టరుకు చూపించు" అన్నాను.

మనవరాలు రంగున్న చోటా లేని చోటా సెన్సారు ఆనించి చూసింది. "నీ నలుపు ఈ వెలుగును మింగడం లేదు తాతయ్యా. దీని కంటికి అంతా తెలుపే." గడియారం వైపు చూసింది. పదకొండుకి బస్సు.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "అయితే ఇన్నేళ్లూ ఈయన వేసింది సున్నమా?"

మనవరాలు పెరట్లో నీళ్లు కాచే డేగిసా అడుగున సెన్సారు పెట్టి కేకేసింది. "మసిని మింగుతోంది!"

ఉతికితే పోయే మసితో అద్దేవాణ్ణి మా అద్దకం షెడ్డు గడప తొక్కనిచ్చేవాళ్లం కాదు. అలాంటిది నేనే డేగిసా గీకి, మసిలో తుమ్మజిగురు కలిపి, నా చారల మీదే మళ్లీ అద్దాను. చక్రం తిరిగింది, అంకెలు కదిలాయి. పిల్ల తడి చక్రాన్ని ఎత్తి పట్టుకుని బస్టాండుకు పరిగెత్తింది.

సాయంత్రం ఫోను.

"పాసయ్యాను తాతయ్యా! మసెందుకు పూశావని అడిగితే నీ నలుపు సంగతంతా చెప్పా. సారు వాళ్లకి అదే బాగా నచ్చింది."

"పాసయ్యావుగా, చాలు. అదంతా వాళ్లకెందుకే?" అన్నాను.