పాయింట్ టూటూ ముందు చాపిన చెయ్యి

నా చిన్నప్పటి ఈ సంగతిని ఇంతవరకు ఎవరూ చివరిదాకా విననే లేదు. మా నాచారం బడిలో చదివినవాళ్లం ఎక్కడ కలిసినా నేను మొదలుపెడతాను. రెండు వాక్యాలు దాటకముందే ఎవరో ఒకరు "ప్రసాదం మళ్ల షురూ జేసిండు" అంటారు, అందరూ నవ్వుతారు, మాట ఇంకెక్కడికో పోతుంది. ప్రసాదం నా పేరు కాదు. ఆ రోజు వాళ్లు నాకు తగిలించిన పేరు. ఇంట్లో చెబితే ఎప్పటి సంగతో ఇప్పుడెందుకంటారు. కాగితం మీదైతే మధ్యలో అడ్డుపడేవాళ్లు ఉండరు కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనక వీధిలో అద్దెకుండేవాళ్లం. తెలంగాణ రావడానికి ఇంకా చాలా ఏళ్లున్నాయి. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసేవారు. నేను తొమ్మిదో తరగతిలో, బడి పిల్లలకు సైనిక శిక్షణ ఇచ్చే దళంలో కేడెట్‌గా చేరాను. ఖాకీ బట్టల మీద మోజుతో కాదు, కవాతు రోజున ఇచ్చే టిఫిను కోసం చేరాను. ఆ మాట దాచుకోవలసిన అవసరం నాకు లేదు, సగంమంది అందుకే చేరారు.

మాకు కవాతు నేర్పడానికి సైన్యం నుంచి ఒక హవల్దారు వచ్చేవారు. జనగామ వైపు మనిషి. ఆజ్ఞలు హిందీలో ఇచ్చేవారు, తిట్లు మాత్రం తెలుగులో తిట్టేవారు. ఆయన పైన మా సోషల్ సారు ఉండేవారు. కేడెట్ల బాధ్యత మొత్తం సారుది. ఆయన భుజం మీద నక్షత్రాలుండేవి కాబట్టి హవల్దారే ఆయనకు సెల్యూట్ కొట్టాలి.

హవల్దారు మాకు తెచ్చి చూపించిన తుపాకీ పాయింట్ టూటూ, సన్న తూటా వేసే చిన్న రైఫిలు. నిజం చెప్పాలంటే మేమందరం నిరాశపడ్డాం. దాని తూటా మా చిటికెన వేలి చివర అంత కూడా లేదు. నా వెనక నిలబడే ఇనుప దుకాణం వాళ్లబ్బాయి, "ఇది తుపాకీనా సాబ్, పిట్టలు గొట్టేదా?" అని అడిగాడు. హవల్దారు కోప్పడలేదు. దాని మంచి ఏమిటో ఒక్కొక్కటిగా చెప్పారు. పెద్ద తుపాకీ భుజాన్ని గుద్దుతుంది, ఇది గుద్దదు. పెద్దదాని చప్పుడుకు కొత్తవాడు కళ్లు మూసుకుంటాడు, దీనికి మూసుకోడు. ఊపిరి ఎలా ఆపాలో, వేలు ఎంత మెల్లగా నొక్కాలో దీనితో నేర్చుకున్నవాడు ఇక దేనితోనైనా కొట్టగలడు. ఇదంతా విన్నాక మాకు దాని మీద గౌరవం పెరగలేదు, చనువు పెరిగింది. అప్పటికి భయం మాత్రం ఎవరికీ లేదు.

బడి మైదానంలో నిజం తూటాలు పేల్చరు కదా. అలాగని లోపల ఏమీ లేకుండా మీట నొక్కితే తుపాకీలోని సూది మొన పాడవుతుందట. అందుకని పేలిపోయిన పాత ఖాళీ తూటాలు లోపల పెట్టి నొక్కించేవారు. టిక్ అని చప్పుడొచ్చేది, అంతే. హవల్దారు నేర్పిన పద్ధతి ఏమిటంటే, టిక్ అన్నాక తుపాకీని నేల మీదే ఉంచాలి, తూటా పెట్టే చోటును మూసే గడియ, అంటే బోల్టు, తెరవాలి, ఖాళీ చేతులతో లేవాలి. తర్వాతివాడు వచ్చి తనే పడుకుని తీసుకోవాలి. చేతి నుంచి చేతికి తుపాకీ మారకూడదు.

కానీ ఆయన సగంమందిని కవాతుకు తీసుకెళ్లినప్పుడు మిగిలిన సగం సారు దగ్గర ఉండేది. ఒకే తుపాకీ, పొడుగాటి వరస, ఇంతలో గంట కొట్టేస్తారు. అందుకని సారు ఒక దగ్గరిదారి కనిపెట్టారు. టిక్ అనగానే లేచి, "ఖాళీ" అని చెప్పి, వెనకవాడి చేతికి అందించేయాలి. ఒకరోజు హవల్దారు అది చూసి దగ్గరికొచ్చారు. "గిట్ల వద్దు సర్, అలవాటైతది" అన్నారు. "అందరికీ టైము సరిపోవద్దా? ఖాళీ దానికి ఇంత పూజలెందుకయ్యా" అన్నారు సారు. హవల్దారు తన కవాతు వరస దగ్గరికి వెళ్లిపోయారు. ఆ మాటలు జరిగినప్పుడు వరసలో ముందున్నది నేను. నాకు బాగా వినపడ్డాయి, బాగా గుర్తున్నాయి.

ఫైరింగ్ రోజున మమ్మల్ని లారీలో ఉప్పల్ మీదుగా, పీర్జాదిగూడ దాటించి, ఊరి బయట మైదానానికి తీసుకెళ్లారు. ఎదురుగా పెద్ద మట్టిదిబ్బ, దాని ముందు కాగితపు గురులు. పడుకుని కాల్చేవాళ్లు ఒక వరస. వాళ్ల వెనక సున్నంతో గీసిన గీత. గీత వెనక, ఒక్కొక్కరి వెనక ఒక్కొక్కరం కూర్చున్నాం. ఈసారి నా ముందు ఇనుప దుకాణం అబ్బాయి. సారు డేరా నీడలో టీ తాగుతూ, ఇంకో బడి సారుతో మాట్లాడుతున్నారు, ఆయన వీపు మా వైపుంది. హవల్దారు వరస చివర ఒక అబ్బాయి మోచెయ్యి సర్దుతున్నారు.

నా ముందున్నవాడు రెండు కాల్చాడు. మూడోది టిక్ అంది.

వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మైదానంలో ఇన్నాళ్లూ చేసినట్టే మోకాళ్ల మీద లేచాడు, నా వైపు తిరిగాడు. "ఖాళీరా, పట్టు" అన్నాడు. నేను కూడా ఆలోచించలేదు. అలవాటు కొద్దీ రెండు చేతులూ చాపాను.

అప్పుడు నా కళ్లు వాడి పక్కన పరిచిన చాప మీద పడ్డాయి. అక్కడ ఇంకా కాల్చని తూటాలున్నాయి, వాటి కొనకు సీసం నల్లగా ఉంది. ఇక్కడ ఎవరికీ ఖాళీ తూటాలు ఇవ్వలేదు కదా, టిక్ అన్నదీ నిజం తూటాయే అన్న సంగతి అప్పుడు తట్టింది. తల ఎత్తేసరికి తుపాకీ గొట్టం నా గడ్డానికి ఎదురుగా ఉంది. దాని కన్నం మిరియం గింజంత ఉంది. అంత చిన్న కన్నంలోకి చూసి అంత భయపడవచ్చునని నాకు అంతవరకు తెలియదు. చేతులు దించుదామంటే దిగలేదు. అవి కదిలితే అది పేలుతుందేమో అనిపించింది. వాడేమో "పట్టరా" అని దాన్ని ఇంకొంచెం ముందుకు తోస్తున్నాడు.

హవల్దారు అరవలేదు. ఎప్పుడు లేచారో, ఎలా వచ్చారో నేను చూడలేదు. పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి గొట్టాన్ని పట్టి మట్టిదిబ్బ వైపు తిప్పేసింది. ఆ వెంటనే ఆయన దానితో సహా నేల మీద బోర్లా పడుకున్నారు. "ఎవ్వరు కదలొద్దు" అన్నారు, చాలా మెల్లగా. తుపాకీని దిబ్బకు గురిపెట్టి అలాగే ఉండిపోయారు. దూరంగా వరంగల్ రోడ్డు మీద లారీల మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. సారు టీ గ్లాసుతో వచ్చి, "ఏమైంది, ఖాళీయేనా?" అన్నారు. హవల్దారు దిబ్బ మీది నుంచి చూపు తిప్పలేదు.

చాలాసేపటికి బోల్టు తెరిచి ఆ తూటా బయటికి తీశారు. అరచేతిలో పెట్టి నాకూ, నా ముందువాడికీ చూపించారు. సీసం దాని కొననే ఉంది. అడుగున అంచు మీద సూది కొట్టిన నొక్కు ఉంది. దీంట్లో నిప్పు పుట్టించే మందు అంచు చుట్టూ ఉంటుందనీ, ఒక్కోచోట పలచగా ఉంటే ఆలస్యంగా అంటుకోవచ్చు, అంటుకోకపోనూవచ్చుననీ చెప్పారు. మమ్మల్నందరినీ ఇంకా వెనక్కి పంపారు. అదే తూటాను కొంచెం తిప్పి మళ్లీ లోపల పెట్టి, పడుకుని, మీట నొక్కారు. అది పేలింది. దిబ్బ మీద చిటికెడు మట్టి లేచింది. చప్పుడు సీమటపాకాయంత కూడా లేదు.

నేను ఉన్నచోటే కూలబడ్డాను. నా చేతులు ఇంకా చాపే ఉన్నాయట. వెనక నుంచి ఎవడో, "ఏందిరా, ప్రసాదం పెడతరని కూసున్నవా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నా మీదికి తుపాకీ తిప్పినవాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

హవల్దారు నాకు నీళ్లిచ్చి పక్కన కూర్చున్నారు. తన కుడిచెయ్యి నా ముందు పెట్టారు. అది వణుకుతోంది. "సూడు. ఇన్నేండ్ల నౌకరీ జేసిన, ఎట్ల ఒణుకుతుందో సూడు. భయపడ్డోడివి నువ్వొక్కనివే కాదు" అన్నారు. తర్వాత, "పెద్ద తుపాకీ మంచిది బిడ్డా. భుజం మీద ఒక్కటిచ్చి, నేను తుపాకీనని యాది జేస్తది. గీ చిన్నది చెప్పదు. దీని మంచితనమే దీని దోకా" అన్నారు. ఆ మాటను ఆయన ఎవరినీ మెప్పించడానికి అనలేదు. తనలో తను అనుకున్నట్టుగా అన్నారు.

నేను కాల్చనన్నాను. ఆయన బలవంతపెట్టలేదు, పొమ్మనీ అనలేదు. "భయం పోయినంక కాలుస్తనంటే అది ఎన్నడు పోదు. ఉండనియ్యి, దాన్ని పక్కన పండవెట్టుకోని కాల్చు" అన్నారు. నేను పడుకున్నాను. ఆయన అరచెయ్యి నా వీపు మీద ఉంది. కాల్చాను. గురికి తగిలాయో లేదో చూడలేదు. అయిపోయాక తుపాకీని నేల మీదే వదిలి, బోల్టు తెరిచి, ఖాళీ చేతులతో లేచాను.

తిరిగొచ్చేటప్పుడు లారీలో సారు, "ఇంట్లో చెప్పి చిన్నదాన్ని పెద్దది చేయకండి" అన్నారు. నేను చెప్పాను. మా నాన్న అన్నం తింటూనే మొత్తం విని, "అది చాలా తక్కువ శక్తి ఉన్న తూటా నాన్నా. అలా ఆలస్యంగా పేలడం కూడా చాలా అరుదు" అన్నారు. "మీ గడ్డం ముందు పెట్టినా అరుదేనా?" అని అడిగాను. ఆయన తినడం ఆపేశారు. మర్నాడు బడికి ఫోన్ చేశారు. సారు ఫోన్‌లో, హవల్దారు సరిగ్గా నేర్పలేదని, ఇకమీదట అలా జరగకుండా చూస్తామని చెప్పారట. మా నాన్న నా మాట కన్నా ఆ మాటే నమ్మారు. తరువాతి వారం కొత్త హవల్దారు వచ్చాడు.

నేను క్లాసులో లేచి నిలబడి, "సార్, చేతికి అందించమన్నది మీరు కదా" అని అడిగాను. "కూర్చో" అన్నారు. ఆ తరువాత క్యాంపుకు వెళ్లేవాళ్లలో నన్ను తీసేశారు. భయపడే పిల్లలు వద్దని అన్నారట. తుపాకీ తిప్పినవాడు మాత్రం వెళ్లాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది పీర్జాదిగూడలో ఒక కొత్త అపార్టుమెంటు చూడటానికి వెళితే, గేటు దగ్గర సెక్యూరిటీ కుర్చీలో ఆ హవల్దారు ఉన్నారు. నేనే గుర్తుపట్టాను. కొంచెంసేపు చూసి, "చేతులు చాపిన పిలగానివి కదా" అన్నారు. కూర్చోబెట్టి టీ తెప్పించారు. మిమ్మల్ని ఎవరైనా విచారించారా అని అడిగాను.

"ఎవరడుగుతరు? సారు చెప్పిండు, వాళ్లు రాసుకున్నరు. నన్ను దూరం పంపిన్రు, గంతే."

"మీరు నిజం చెప్పాల్సింది కదా."

"పిలగాని ముందటికెల్లి తుపాకీ జరిపిన. నా పని గదే. తర్వాత ఎవరేమంటే నాకేంది. నువ్వు గూడ ఇడిసిపెట్టు."

ఆయన విడిచిపెట్టగలరు. ఆయన మనసు అటువంటిది. నాది కాదు.

ఆ రోజు నుంచి నాకు మిగిలినది భయం ఒక్కటే కాదు, దాంతో ఎలా ఉండాలో ఆయన నేర్పిన తీరు కూడా. కరెంటు తీగైనా, గ్యాసు బండైనా, ఏం కాదనో, ఖాళీయేననో ఎవరైనా చేతికి అందిస్తే నా చెయ్యి ముందుకు పోదు. కింద పెట్టమంటాను. నేనే చూసుకుని తీసుకుంటాను. మా ఆఫీసులో దీనికి కూడా నవ్వుతారు. నవ్వనీ. నా చేతులు వణికితే దాచుకోను. ఇప్పుడు మా అక్క కూతురు కేడెట్‌గా చేరింది. వచ్చే నెల దాన్ని ఫైరింగ్‌కు తీసుకెళ్తారు. "చిన్న తుపాకీయే మామయ్యా, ఏం కాదట" అంది. ఆ పిల్లను నేల మీద పడుకోబెట్టి, చీపురుకట్టతోనే, లేచేటప్పుడు చేతులు ఖాళీగా ఎలా ఉండాలో చేయించాను.

సారు రిటైరై కాప్రాలో ఉంటున్నారు. ఒకసారి వాళ్ల గేటు దగ్గర నిలబడి, ఇప్పటికైనా నిజం చెబుతారా అని అడిగాను. "ఇప్పుడెందుకయ్యా అవన్నీ" అని లోపలికి వెళ్లిపోయారు. ఎందుకో చెబుతున్నాను సార్. ఆ మనిషి పేరు మీద మీరు రాయించిన తప్పు ఇప్పటికీ ఎక్కడో అలాగే ఉంది. మా నాన్న ఇప్పటికీ ఆయనే నిర్లక్ష్యం చేశాడనుకుంటున్నారు. తుపాకీని చేతి నుంచి చేతికి అందించమని మాకు చెప్పింది ఎవరు? అలా వద్దన్నది ఎవరు? మా నాన్న ఫోన్ నంబరు రాసిన చీటీ ఆ రోజు మీ గేటుకే పెట్టి వచ్చాను. ఆయనకు ఫోన్ చేసి ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి.